‘ముట్టుగుడ్డ’ అసభ్యమా? ప్యాడ్‌కి తెలుగు మాట ఏది?

సందేహం: నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. నెలసరి సమయంలో శుభ్రత గురించి ఆడపిల్లల కోసం ఒక పేజీ కరపత్రం రాస్తున్నాను. ‘ముట్టుగుడ్డ’ అని రాస్తే అసభ్యంగా ఉందని తోటి టీచర్లు అన్నారు. ‘రుతురుమాలు’ అని రాయమన్నారు ఒకరు. పిల్లలకు తెలిసింది ‘విస్పర్’ కాబట్టి అదే రాయమన్నారు ఇంకొకరు. ఏది సరైనది?

సమాధానం: ‘ముట్టు’లో అసభ్యం ఏమీ లేదండీ. ముట్టడం అంటే తాకడం. జీతం చేతికి ముట్టిందంటాం, పొయ్యి ముట్టించామంటాం, అప్పుడెవరికీ సిగ్గు వేయదు. ఆ రోజుల్లో ఆడమనిషిని తాకకూడదన్న ఆచారం వల్ల తాకుడు మాటే ఆ స్థితికి పేరైపోయింది. ‘అంటు’ కథా అంతే. ‘బహిష్టు’ సంస్కృతంలోని ‘బహిఃస్థ’ నుంచి వచ్చింది, బయట ఉన్నదని అర్థం. ‘బయట చేరింది’, ‘దూరంగా ఉంది’ అనేవి దానికి తెలుగు రూపాలు. ఈ మాటలు గమనించండి. ఒంట్లో ఏం జరుగుతోందో ఒక్కటీ చెప్పదు. ఆమెను ఇంట్లో ఎక్కడ కూర్చోబెట్టారో మాత్రం ప్రతిదీ చెబుతుంది. నాకు కష్టం అనిపించేది అదీ, అసభ్యత కాదు.

అందుకే ‘నెలసరి’ నాకు ఇష్టం. మనకు నెల అంటే చంద్రుడు కూడా, ‘నెలవంక’లో ఉన్నది ఆ నెలే. ‘నెల తప్పింది’ అన్నా ఈ లెక్కే. ఇంగ్లీషు వైద్యులు వాడే ‘మెన్సెస్’కి మూలమైన లాటిన్ మాటకీ నెల అనే అర్థం. ఇక ఋతుస్రావం, రుతుస్రావం, రెండు రాతలూ వాడుకలో ఉన్నాయి. మీకు అలవాటైనది రాయండి.

‘రుతురుమాలు’ మాత్రం వద్దు. రుమాలు పారసీ మాట. ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది. తెలుగు మాట కావాలని వెతికి, సంస్కృతానికి పారసీ అతికించి, ముఖం తుడుచుకునే గుడ్డని తెచ్చి ఇక్కడ పెట్టినట్టవుతుంది. ‘నాప్కిన్’ అన్నా అసలు అర్థం చిన్న గుడ్డే. మన అమ్మమ్మలు ‘గుడ్డ’ అన్నదాన్నే ఇంగ్లీషులో అంటే గౌరవం, తెలుగులో అంటే అసభ్యం ఎలా అవుతుంది?

ఇప్పుడు ‘విస్పర్’ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వస్తువుని అమ్మినవాళ్లు మొదటి నుంచీ పడ్డ తిప్పలన్నీ మాట దగ్గరే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు కట్టు కట్టడానికి అమెరికాలో కింబర్లీ క్లార్క్ కంపెనీ చెక్క గుజ్జుతో సెల్యుకాటన్ అనే దూదిలాంటి సరుకు తయారుచేసింది. నర్సులు దాన్ని నెలసరికి వాడుకున్నారు. యుద్ధం ముగిశాక అదే సరుకుతో 1920లో కోటెక్స్ అనే ప్యాడ్ పుట్టింది. కాటన్‌లోంచి ‘కో’, టెక్స్‌చర్‌లోంచి ‘టెక్స్’ తీసి కలిపారు. తెలియనివాళ్లు ఆ పేరు చదివితే లోపల ఏముందో ఊహించలేరు. అయినా దుకాణంలో మగవాడి ఎదుట నిలబడి ఆ పేరు పలకడానికి ఆడవాళ్లు జంకారు. అప్పుడు కౌంటర్ మీద పెట్టెలు పేర్చి, పక్కన డబ్బులు వేసే డబ్బా పెట్టించారు. డబ్బు వేసి, పెట్టె తీసుకుని, నోరు విప్పకుండా వెళ్లిపోవచ్చు. 1928లో మోడెస్ అనే మరో ప్యాడ్ వాళ్లు ప్రకటనలో ఒక చీటీ అచ్చువేశారు. దాన్ని కత్తిరించి దుకాణదారు చేతికిస్తే చాలు. 1948 నుంచి అదే మోడెస్ ప్రకటనల్లో ఖరీదైన గౌను వేసుకున్న అమ్మాయి బొమ్మ, కింద ‘మోడెస్... ఎందుకంటే’ అన్న రెండే మాటలు. వాక్యం పూర్తికాదు. కారణం చెప్పని ‘ఎందుకంటే’ని అన్నేళ్లు అచ్చువేయడం భాష చదువుకున్నవాడిగా నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. అమెరికా టీవీ ప్రకటనలో ‘పీరియడ్’ అన్న మాట మొదటిసారి వినబడింది 1985లో, నెలసరికి వాడే టాంపాక్స్ అనే సరుకు కోసం నటి కోర్ట్‌నీ కాక్స్ నోట.

‘విస్పర్’ అంటే గుసగుస. మన ఊళ్లలో ప్యాడ్‌కి మారుపేరైన మాటకి అసలు అర్థం ఇదీ. మెడికల్ షాపుకెళ్లి గుసగుసగా గుసగుస అడుగుతాం, ఆయన పాత పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసి ఇస్తాడు. టీవీ ప్రకటనల్లో ‘ఆ రోజుల్లో’ అంటారు. అక్కడ పేరు చెప్పాల్సిన పనంతా పాపం ఆ ఒక్క ‘ఆ’ మోస్తుంది. ప్యాడ్ మీద పోసేది నీలం నీళ్లు. బ్రిటన్‌లో బాడీఫామ్ అనే ప్యాడ్ ప్రకటన ఎర్రటి ద్రవం చూపించడానికి 2017 రావాల్సి వచ్చింది. కాబట్టి కంపెనీ పేరు కరపత్రంలో వద్దు. అది ప్రచారమూ అవుతుంది, పిల్లలకు గుసగుసనే నేర్పినట్టూ అవుతుంది.

‘ప్యాడ్’ అనే రాయండి. బస్సు, పెన్ను లాగే అది ఇప్పుడు తెలుగు మాటే. ‘పీరియడ్స్’ కూడా నిస్సంకోచంగా రాయొచ్చు. మన పిల్లలు దాన్ని ఎంత చక్కగా సర్దుకున్నారో చూడండి: ఏకవచనంలో ‘పీరియడ్’ అంటే తరగతి, ‘పీరియడ్స్ వచ్చాయి’ అంటే నెలసరి. గందరగోళమే లేదు. ‘ముట్టుగుడ్డ’ తప్పు మాట కాదు గానీ అది వేరే వస్తువు, ఉతికి మళ్లీ వాడుకునేది. గుడ్డ వాడే పిల్లలు మీ బడిలో ఉంటే వాళ్ల కోసం ఆ సంగతి విడిగా రాయాలి, ‘గుడ్డ’ అంటే సరిపోతుంది.

మా అమ్మమ్మ ఆ గుడ్డల్ని పెరట్లో దండెం చివర, పాత చీర కింద ఆరేసేది. ఎండ తగలకపోవడంతో అవి పూర్తిగా ఆరేవి కావు, చెమ్మ వాసన వచ్చేవి. మీ కరపత్రం నేనైతే ఇలా మొదలుపెడతాను:

“నెలసరి వచ్చినప్పుడు ప్యాడ్‌ని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. గుడ్డ వాడేవాళ్లు దాన్ని సబ్బుతో శుభ్రంగా ఉతికి, పైన ఏమీ కప్పకుండా ఎండలో ఆరేయాలి.”