లిక్విడ్ క్రోమటోగ్రఫీలో ఇమాటినిబ్ (క్యాన్సర్ మందు) పీక్‌కు తోక వస్తోంది, మొబైల్ ఫేజ్‌లో (కాలమ్‌లోంచి పారే ద్రవంలో) ఏం కలపాలి?

మీ జీడిమెట్ల క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబ్‌లో సీ18 కాలమ్ (18 కార్బన్ల గొలుసులు అతికించిన సిలికా నింపిన గొట్టం) మీద, ఉత్త నీళ్లు–అసిటోనైట్రైల్‌తో నడుపుతున్నామన్నారు. తోక అక్కడినుంచే వస్తోంది. ఇమాటినిబ్‌లోని పైపరజీన్ నైట్రోజన్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ పట్టుకుని ఉండే పీహెచ్) సుమారు 8, అంటే అంతకంటే తక్కువ పీహెచ్‌లో అది ధనావేశంతో ఉంటుంది. సిలికా మీద మిగిలిన సైలనాల్స్ (రుణావేశం పొందగల Si–OH గుంపులు) దాన్ని పట్టుకుంటాయి. పీహెచ్ 3 దగ్గరికి దించితే ఆ సైలనాల్స్ చాలావరకు ఆవేశం కోల్పోతాయి.

యూవీ డిటెక్టరైతే 20 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 3.0, లీటరుకు 1 మి.లీ. ట్రైఇథైలమీన్. అమీన్ కలిపాకే, ఆర్గానిక్ కలపకముందే, ఫాస్ఫారిక్ యాసిడ్‌తో పీహెచ్ సరిచేయండి. ట్రైఇథైలమీన్ వాడిన కాలమ్‌ను మళ్లీ మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పెట్టకండి, ఎంత కడిగినా పూర్తిగా వదలదు. గ్రేడియంట్‌లో అసిటోనైట్రైల్ 70 శాతం దాటితే ఫాస్ఫేట్ ఉప్పు పేరుకుని ప్రెషర్ పెరగొచ్చు.

ఎల్‌సీ-ఎంఎస్‌కు (డిటెక్టర్‌గా మాస్ స్పెక్ట్రోమీటర్ వాడితే) ఫాస్ఫేట్ అసలే వద్దు. లీటరు నీటికి 0.63 గ్రాముల అమ్మోనియం ఫార్మేట్, 1 మి.లీ. ఫార్మిక్ యాసిడ్ కలపండి, పీహెచ్ 3.3 ప్రాంతంలో ఉంటుంది. ఫార్మిక్ యాసిడ్ ఒక్కటే పోస్తే అయానిక్ స్ట్రెంగ్త్ (అయాన్ల గాఢత) చాలక, లోడ్ (ఇంజెక్ట్ చేసే మందు మోతాదు) పెరగగానే తోక తిరిగొస్తుంది. టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ యాసిడ్) పీక్‌ను చక్కగా నిలబెడుతుంది గానీ మాస్ సిగ్నల్‌ను అణిచేస్తుంది.

మన ఎండల్లో బఫర్‌లో నాచు, బ్యాక్టీరియా త్వరగా పెరుగుతాయి. రోజూ కొత్తది చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి.