మొదటిసారి హాస్టల్లో చేరుతున్న చెల్లెకు: నీళ్లు, మెస్సు, రూమ్మేట్లు, స్కాలర్‌షిప్పు

ఇంటర్ దాకా అచ్చంపేట దగ్గర సొంతూళ్లోనే ఉండి చదివానని, దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా మహబూబ్‌నగర్‌లో డిగ్రీ సీటు వచ్చిందని, హాస్టల్‌కు ఏమేం తీసుకెళ్లాలో, అక్కడ ఎలా ఉండాలో చెప్పమని అడిగావు. నేను డిగ్రీ నల్లగొండలో, పీజీ మహబూబ్‌నగర్‌లో చేశాను. రెండుచోట్లా హాస్టల్లోనే ఉన్నాను. ఇప్పుడు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, నీలాంటి పిల్లలు ఏటా మా దగ్గర నుంచి హాస్టళ్లకు వెళ్తుంటారు.

సామాను సంగతి చివర్లో రాస్తాను. అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. హాస్టల్లో పిల్లల్ని ఏడిపించే విషయాలు చాలావరకు మొదటి వారం పది రోజుల్లోనే కంటపడతాయి. అప్పుడే అడిగితే మాటతో తీరిపోతాయి, మొహమాటపడి ఊరుకుంటే ఏడాదంతా వెంటాడతాయి. ‘నిన్నగాక మొన్న వచ్చి అప్పుడే అడుగుడేంది’ అనుకుంటారేమోనన్న బెరుకు మన ఊళ్ల ఆడపిల్లలకు ఎక్కువ. నువ్వు ఫీజు కట్టి ఉంటున్నావు, అడగడం నీ హక్కు.

ముందు నీళ్ల గురించి అడుగు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు, అక్కడి బోరు నీళ్లలో ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ ఎక్కువ. నడుం వంగిపోయి, కాళ్లు వంకరపోయిన పెద్దవాళ్ల మధ్య పెరిగాను కాబట్టి ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువే. ‘తాగే నీళ్లు ఎక్కడివి? నల్లా నీళ్లా, బోరు నీళ్లా, ఆర్వో ప్లాంటు నీళ్లా?’ అని వార్డెన్‌నో కేర్‌టేకర్‌నో అడుగు. వంటకు ఏ నీళ్లు వాడుతున్నారో కూడా విడిగా అడుగు. తాగడానికి ఆర్వో పెట్టి, అన్నం, పప్పు, చాయ్ మాత్రం బోరు నీళ్లతో చేసే హాస్టళ్లు ఉన్నాయి. నేను డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్లో అదే జరిగింది. కెమిస్ట్రీ సీనియర్లు వంటగది నీళ్లను సీసాలో పట్టి పరీక్ష చేయించారు. ఫ్లోరైడ్ ఉండాల్సినదానికంటే ఎక్కువ వచ్చింది. అందరం సంతకాలు పెట్టి ఉత్తరం ఇచ్చాక వంటగదికి కూడా నల్లా లైను కలిపారు. ఆ నీళ్లతో అంతకుముందు ఎన్ని బ్యాచ్‌లు తిన్నాయో తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే ఎవరూ అడగకపోవడం తప్ప దానికి వేరే కారణం లేదు.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేని చోట 1.5 దాకా మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ‘కాచి తాగితే సరిపోతుంది’ అని చాలామంది అంటారు. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ హాస్టల్లో నల్లాకు కృష్ణా నది నీళ్లు వస్తుంటే ఈ బాధే లేదు. మూడేళ్లలో ఎవరికీ నడుం వంగిపోదు కూడా. కానీ చిన్నప్పటి నుంచి అలాంటి నీళ్లే తాగిన పిల్లలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు, దానిపైన ఇంకో మూడేళ్లు కలపడం ఎందుకు? మెస్సులో పెరుగు ఇస్తే వదలకు, కాల్షియం ఫ్లోరైడ్‌ను ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటుంది. చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారు. మా అమ్మ పచ్చిపులుసు గురించి అది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో.

ఇక మెస్సు. తిండి బాగుండదని అందరూ చెబుతారు, బిల్లు ఎలా వేస్తారో ఎవరూ చెప్పరు. చాలా కాలేజీ హాస్టళ్లలో డివైడింగ్ పద్ధతి ఉంటుంది. బియ్యం, పప్పులు, కూరగాయలు, గ్యాసు, వంటవాళ్ల జీతాలు అన్నీ కలిపి నెల ఖర్చు తీస్తారు. అందరూ తిన్న రోజులను కూడి, దాంతో ఆ ఖర్చును భాగిస్తారు. ఉదాహరణకు ఖర్చు 1,80,000 రూపాయలు, అందరి రోజులు కలిపి 2,000 అనుకో, రోజుకు 90 రూపాయలు పడుతుంది. నువ్వు 22 రోజులు తింటే నీ బిల్లు 1,980. కాబట్టి దసరాకు ఇంటికి వెళ్లే ముందు మెస్ కట్ రాసిచ్చి వెళ్లు. చాలాచోట్ల ముందురోజే రిజిస్టర్‌లో రాయాలి, వరుసగా ఇన్ని రోజులు ఉంటేనే కట్ అన్న నియమం కూడా ఉంటుంది. మీ దగ్గర ఎన్ని రోజులో మొదటి నెలలోనే కనుక్కో. పేరు రాయకుండా వెళ్తే తినని రోజులకు కూడా డబ్బు పడుతుంది.

వీలైతే మెస్ కమిటీలో చేరు. చదువు పాడవుతుందని ఇంట్లో అంటారు, నేను ఒప్పుకోను. ఒకటి రెండుసార్లు సీనియర్లతో మార్కెట్‌కు వెళ్తే చాలు, కంది పప్పు ధర ఎంత, బస్తా బియ్యం ఎంతమందికి ఎన్ని రోజులు వస్తుంది అన్నీ తెలుస్తాయి. రిజిస్టర్‌ను పిల్లలు చూస్తున్నారని తెలిసిన మెస్సులో సాంబారు చిక్కగానే ఉంటుంది, ఇది నేను రెండు ఊళ్లలోనూ చూశాను. వంటమ్మలతో మర్యాదగా మాట్లాడు. అక్కా అని పిలిచి, అన్నం బాగున్న రోజు బాగుందని చెప్పు. వాళ్లు పొద్దున నాలుగింటికే లేచి పొయ్యి ముట్టిస్తారు, తిట్లు తప్ప వాళ్లకు ఏమీ వినపడవు.

టిఫిన్ మానేసి క్లాసుకు పరుగెత్తడం హాస్టల్ పిల్లలకు త్వరగా అలవాటవుతుంది. ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉండటం ఎలాగూ ఎక్కువ, దానికి ఇది తోడవుతుంది. పాలమూరు, అంటే మీ మహబూబ్‌నగర్, పల్లీలకు పెట్టింది పేరు. వేయించిన పల్లీలు, బెల్లం డబ్బాలో పెట్టుకో, టిఫిన్ నచ్చని రోజు ఆదుకుంటాయి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగకు, తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అదే ఐరన్ బాగా పడుతుంది. ఇంటి నుంచి కారప్పొడి, నువ్వుల పొడి, తొక్కు తెచ్చుకుంటావు, తప్పదు. కొంచెం ఎక్కువే తెచ్చుకో, ఎందుకంటే రూములో డబ్బా నీ ఒక్కదానిది కాదు.

రూమ్మేట్ల గురించి. లైటు, ఫోను, వస్తువులు, ఈ మూడింటి మీదే గొడవలన్నీ. చేరిన వారంలోనే అందరూ రూములో ఉన్నప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. రాత్రి ఎన్నింటికి లైటు తీయాలి, పరీక్షలప్పుడు ఎవరు ఎక్కడ చదువుకోవాలి, ఫోన్ మాట్లాడాలంటే వరండాలోకి వెళ్లాలా, ఊడ్చే వంతు ఎవరిది అన్నవి ముందే అనుకోవాలి. గొడవయ్యాక అవే మాటలు అంటే దెప్పినట్టు ఉంటుంది. ఒక అమ్మాయి అడగకుండా నీ షాంపూ వాడిందనుకో, ఆ రోజే ‘అడిగి తీసుకోవే’ అని నవ్వుతూ చెప్పేయి. మనసులో పెట్టుకుని పక్క రూములో చెప్పావంటే, అది తిరిగి ఆమెకు చేరేసరికి వేరే కథ అవుతుంది. డబ్బు అప్పు ఇస్తే తిరిగి రాకపోయినా బాధపడనంత మాత్రమే ఇవ్వు. బంగారం మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లు, చెవి కమ్మలు తప్ప.

ఇచ్చిపుచ్చుకోవడం మంచిదే కానీ టవల్, దువ్వెన, లోబట్టలు, సబ్బు ఎవరికీ ఇవ్వకు, ఎవరివీ తీసుకోకు. హాస్టళ్లలో తామర అలాగే పాకుతుంది. దురద మొదలవగానే మెడికల్ షాపులో అడిగి ఏదో క్రీమ్ రాస్తారు. వాటిలో చాలావాటిలో స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు తగ్గినట్టు అనిపించి తర్వాత ఇంకా పెద్దగా, మొండిగా వస్తుంది. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రికి మెడికల్ కాలేజీ కూడా ఉంది, ఓపీలో చర్మ డాక్టరుకు చూపించుకో. వానాకాలంలో బట్టలు రూములో ఆరేస్తే ఆ తేమకు ఈ బాధ ఎక్కువవుతుంది, డాబా మీద తీగ కోసం పోట్లాడి అయినా ఎండలో ఆరేయి.

మంచం తీసుకునే ముందు ఇనుప సందుల్లో, పరుపు కుట్ల దగ్గర నల్లులు ఉన్నాయేమో టార్చి వేసి చూడు. ఉంటే మంచాన్ని బయటికి లాగించి సందుల్లో సలసల కాగే నీళ్లు పోయాలి, పరుపును మధ్యాహ్నం ఎండలో పడేయాలి. రూములన్నింటిలో ఒకేసారి చేస్తేనే పోతాయి. అడిగే అవకాశం ఇస్తే పై అంతస్తు వద్దను. ఏప్రిల్, మేలో స్లాబు కింద పడుకోవడం ఎంత కష్టమో మన దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు. చలికాలంలో హీటర్ రాడ్ వాడేవాళ్లుంటారు. స్విచ్ తీసి, ప్లగ్ పీకాకే బకెట్‌లో చెయ్యి పెట్టాలి, ఇనుప బకెట్ అసలే వద్దు.

స్కాలర్‌షిప్ విషయంలో కాలేజీ ఆఫీసు చూసుకుంటుందని కూర్చోకు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు నువ్వే గడువులోగా పెట్టాలి, ఏటా రెన్యువల్ చేయాలి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అని ఇప్పుడే చూసుకో, తేడా ఉంటే చేరకముందే మీసేవలో సరిచేయించు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉండాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు సిద్ధంగా పెట్టుకో. దరఖాస్తులో డే స్కాలరా, కాలేజీ హాస్టలా, సంక్షేమ శాఖ హాస్టలా అన్న గడి తప్పు నింపితే మెయింటెనెన్స్ డబ్బు లెక్క మారిపోతుంది. తర్వాత సరిచేయించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ర్యాగింగ్ గురించి భయపడుతూ అడిగావు. అది మన రాష్ట్రంలో 1997 చట్టం ప్రకారం నేరం. సీనియర్లు పేరు, ఊరు అడిగితే చెప్పు, అందులో తప్పులేదు, నాకు మంచి స్నేహితులైన అక్కలు అలా అడిగినవాళ్లే. అవమానించినా, పనులు చేయించినా, ఒంటి మీద చెయ్యి వేసినా వార్డెన్‌కు చెప్పు. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800 180 5522కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

ఇంటి మీద బెంగ మొదటి నెల అందరికీ ఉంటుంది. ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అని ప్రతి శనివారం ఇంటికి పరుగెత్తకు. అలా వెళ్లే పిల్లలకు హాస్టల్లో ఎవరూ దగ్గర కారు, సోమవారం తెల్లవారుజామున ఏడుపు మళ్లీ మొదలవుతుంది. మొదట రెండు మూడు వారాలు ఆగి వెళ్లు. ఆ ఆదివారాల్లో రూమ్మేట్లతో పిల్లలమర్రికి వెళ్లి రా. బెంగ తగ్గకపోగా నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, బతుకు మీద విసుగు లాంటివి వారాల తరబడి ఉంటే దాచుకోకు. 14416 మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టాల్సిన పని లేదు. నీకు కాకపోయినా పక్క మంచం అమ్మాయికి అవసరం పడొచ్చు, సేవ్ చేసుకో.

సామాను: మంచి తాళం, రెండు బకెట్లు, మగ్గు, దోమతెర, రెండు దుప్పట్లు, స్టీలు ప్లేటు, గ్లాసు, నీళ్ల సీసా, ఎక్స్‌టెన్షన్ బోర్డు, టార్చి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, ప్యాడ్లు, సూది దారం. మిగతావి అక్కడే మార్కెట్లో దొరుకుతాయి, మోయకు. సర్టిఫికెట్లన్నీ నాలుగైదు సెట్లు జిరాక్స్ తీయించి, ఫోన్లో కూడా ఫొటోలు పెట్టుకో. ఒరిజినల్స్ కాలేజీలో ఇచ్చేటప్పుడు ఏమేం ఇచ్చావో రాసి ఉన్న రసీదు తప్పకుండా తీసుకుని, దాన్ని ఇంట్లో నాన్న దగ్గర పెట్టు.