చదరంగంలో సిమెట్రికల్ ఇంగ్లిష్ ఆరంభంలో (సీ4కు సీ5 అని మొదలయ్యే ఆట) నల్ల పావులవాడు కాపీ కొడుతుంటే

తమ్మీ, మహబూబ్‌నగర్‌లో నువ్వు తెల్ల పావులతో ఆడిన రేటెడ్ గేమ్ డ్రా అయిందన్నావు: సీ4 సీ5 (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస; ముందుది నీ ఎత్తు, తర్వాతది వాడిది), గుర్రాలు సీ3, సీ6, జీ3 జీ6, బిషప్‌లు జీ2, జీ7, గుర్రాలు ఎఫ్3, ఎఫ్6, ఇద్దరి క్యాస్లింగ్ (రాజును రూక్ చాటుకు చేర్చడం). అంతవరకు తప్పేం లేదు. చేజారింది 7వ ఎత్తులో. నువ్వు డీ3 ఆడినవు, వాడు డీ5 నెట్టిండు. ముందు ఎత్తు నీదన్న లాభం అక్కడే పోయింది.

7వ ఎత్తుకు డీ4 నెట్టు. సీడీ4 (వాడి సీ బంటు డీ4లోని నీ బంటును తింటది), గుర్రం డీ4, గుర్రాల మార్పిడి, క్వీన్ డీ4, వాడు డీ6 ఆడతడు. ఇప్పుడు క్వీన్‌ను డీ4లో ఉంచకు. ఎఫ్6 గుర్రం జీ4కో డీ7కో కదిలితే చాలు, జీ7 బిషప్ నేరుగా క్వీన్ మీద పడుతుంది, నీకు ఒక ఎత్తు దండగ. అందుకే 10వ ఎత్తుకు క్వీన్ డీ3.

వాడు బిషప్ ఎఫ్5 అంటే భయపడి వెనక్కి పోకు, ఈ4 నెట్టు. బిషప్ ఈ6కు పోయి సీ4 మీద కన్నేస్తది, బీ3తో కాపాడు. నీ జీ2 బిషప్ కొంచెం మూసుకుపోయినా పర్లేదు. సీ4, ఈ4 బంట్లు కలిసి డీ5ను బిగించి పడతయి, ఆ చోటు దానికంటే విలువైంది. కానీ బీ3 పడ్డాక సీ3 గుర్రానికి బంటు అండ ఉండదు. బీ2లోనో డీ2లోనో బిషప్ పెట్టు.

బిషప్ ఎఫ్5 బదులు వాడు ఏ6 ఆడితే బీ5 నెట్టే ఆలోచనే. నువ్వు బిషప్ ఈ3, ఏ1 రూక్ సీ1కు.

డీ4 బదులు ఏ3, రూక్ బీ1, బీ4 దారిని కూడా వాడు అట్లనే కాపీ కొట్టగలడు. నీకు డీ4 దారే మేలు.