పాత మియాటాలో పొద్దున్నే టకటక: ఇంజన్ పోయినట్టేనా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: డల్లాస్ దగ్గర ఒకాయన అమ్ముతుంటే 1996 మజ్దా మియాటా, 1.8 ఇంజన్‌ది కొన్నారు. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్ పైభాగం నుంచి టకటక. పావుగంట నడిపాక తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. షాపువాళ్ళు కాసేపు విని "రాడ్ నాక్, ఇంజన్ మార్చాల్సిందే" అన్నారు. డాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ ముల్లు మాత్రం ఎప్పుడూ మధ్యలోనే ఉంటోంది కదా, మరి ఇదేంటని మీ అనుమానం.

ఇంజన్ మార్చడానికి అప్పుడే ఒప్పుకోకండి. రాడ్ నాక్ అంటే పిస్టన్‌ని క్రాంక్‌కి (చక్రాలకి శక్తినిచ్చే కింది ఇరుసు) కలిపే రాడ్ తాలూకు బేరింగ్ అరిగి కొట్టుకోవడం. అలా అరిగితే మామూలుగా ఇంజన్ వేడెక్కి ఆయిల్ పల్చబడే కొద్దీ శబ్దం పెరుగుతుంది. మీది వేడెక్కాక తగ్గుతోంది. ఆ ఒక్క ముక్క షాపులో చెప్పారా? చెప్పినా వాళ్ళు విన్నారా?

అయితే ఆ ముల్లును మాత్రం నమ్మకండి. 1994 దాకా వచ్చిన మియాటాల్లో అది నిజమైన ప్రెషర్ గేజ్. 1995 మోడల్ నుంచి వెనకాల ఉన్నది ఒట్టి స్విచ్. కాస్త ప్రెషర్ ఉంటే చాలు, ముల్లు మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. అది పడిపోయిందంటే అప్పటికే పరిస్థితి చేయి దాటిపోయిందన్నమాట. కాబట్టి మళ్ళీ స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తక్కువుంటే పోసి, ఆ తర్వాతే మిగతా సంగతి.

ఇక నా అనుభవం. నాదీ ఇదే 1.8 ఇంజన్, 1994 మోడల్. నేనుండేది న్యూజెర్సీలో కాబట్టి చలికాలమంతా కారు గరాజ్‌లోనే. మార్చిలో బయటికి తీసిన ప్రతిసారీ టకటకమని మొదలెడుతుంది. ఈ తరం ఇంజన్లలో వాల్వుల మీద హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. ఆయిల్ ప్రెషర్‌తో నిండి, వాల్వుల్ని తెరిచే క్యామ్‌కీ వాల్వుకీ మధ్య సందు లేకుండా చూడటం వాటి పని. కారు చాలాకాలం కదలకుండా ఉన్నా, పాత ఓనర్ ఆయిల్ మార్చకుండా లాగించినా వాటిలోకి గాలి చేరుతుంది, జిడ్డు పేరుకుంటుంది. మళ్ళీ ఆయిల్ నిండేదాకా ఆ సందులోంచి టిక్ టిక్ మంటూనే ఉంటాయి. 1999లో వచ్చిన రెండో తరంలో మజ్దా వీటిని తీసేసి మామూలు బకెట్లు (లోపల ఆయిల్ నిండని గట్టి లోహపు కప్పులు) పెట్టింది. కాబట్టి కొత్త మియాటా ఉన్న స్నేహితుడు "నాకలా రాదే" అంటే టెన్షన్ పడకండి.

నేను చేసిందల్లా ఆయిల్, ఫిల్టర్ మార్చడం, తర్వాత హైవే మీద ఓ గంట ఆగకుండా నడపడం. ఈ కార్లవాళ్ళలో చాలామంది డీజిల్ ట్రక్కులకి వాడే 5డబ్ల్యూ-40 సింథటిక్ పోస్తారు, జిడ్డు బాగా కడుగుతుందని. నేనూ అదే పోశాను. దుకాణం దాకా వెళ్ళి రావడం లాంటి చిన్న ట్రిప్పులతో లిఫ్టర్లు బాగుపడవు, ఇంకా పాడవుతాయి. ఫిల్టర్ విషయంలో ఓపిక పట్టండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఎక్కడో దాక్కుని ఉంటుంది, కుడి ముందు చక్రం వైపు నుంచి చేయి పెట్టాలి. మోచేతి మీద తోలు కొంచెం దానికి సమర్పించుకోవాల్సిందే.

నా కారులో టకటక అప్పటికి పోయింది. కానీ దాని చాటున ఇంకొకటి ఉందని అప్పుడే తెలిసింది, 2500 ఆర్పీఎం దగ్గర మాత్రమే గలగల. అది ఎగ్జాస్ట్ మీద తుప్పు పట్టి వదులైన హీట్ షీల్డ్. ఒక క్లాంప్ బిగిస్తే సరిపోయింది. పాత కారులో ఒకేసారి రెండు మూడు శబ్దాలు కలిసి వస్తుంటాయి. మనకి అన్నీ ఒకటే అనిపిస్తాయి.

అందుకే శబ్దం ఎలా ఉందో వర్ణించడం కంటే ఎప్పుడు వస్తోందో కాగితం మీద రాయండి. చల్లగా ఉన్నప్పుడా, వేడిగానా? నిలబడి ఉన్నప్పుడా, లోడ్ పడ్డప్పుడా? ఏ ఆర్పీఎం దగ్గర? క్లచ్ తొక్కితే మారుతోందా? తొక్కగానే పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్‌ని, తొక్కగానే వస్తే రిలీజ్ బేరింగ్‌ని అనుమానించాలి. మీరు తీసిన వీడియో చూశాను, కానీ దాన్నిబట్టి తీర్పు చెప్పను. ఫోన్ మైకు చిన్న శబ్దాన్ని పెంచేస్తుంది, లోపలి బరువైన శబ్దాన్ని మింగేస్తుంది.

లిఫ్టరా, కింద క్రాంక్ వైపు నుంచా అని తేల్చడానికి మియాటాలో ఒక వెసులుబాటు ఉంది. దీని ఇగ్నిషన్ కాయిల్ ఒక్కో ప్లగ్‌కి క్రాంక్ తిరిగే ప్రతి చుట్టుకీ ఒకసారి స్పార్క్ ఇస్తుంది, సగం స్పార్కులు వృథాగా. కాబట్టి టైమింగ్ లైట్‌ని (స్పార్క్ వచ్చినప్పుడల్లా మెరిసే దీపం) ఒక ప్లగ్ వైరుకి తగిలిస్తే క్రాంక్ తిరిగిన ప్రతిసారీ వెలుగుతుంది. క్యామ్ దాంట్లో సగం వేగంతో తిరుగుతుంది. రెండు మెరుపులకి ఒక టక్ వినిపిస్తే పైభాగం, ప్రతి మెరుపుకీ వినిపిస్తే కిందిభాగం.

కానీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైనా అచ్చం ఇలాగే సగం వేగంతో టిక్ టిక్ మంటుంది, లోహం వేడెక్కి వ్యాకోచిస్తే అదీ తగ్గుతుంది. ఈ రెండిటినీ విడదీయాలంటే ఇంజన్ చల్లగా, టకటకమంటున్నప్పుడే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కరెంటు ప్లగ్ ఒక్కొక్కటే పీకి చూడండి. ఆ సిలిండర్‌లో పెట్రోలు మండదు కాబట్టి లీకు అయితే దాని శబ్దం పోతుంది. లిఫ్టర్‌కి ఇదేమీ పట్టదు, దాని పాటికి అది కొట్టుకుంటూనే ఉంటుంది. స్పార్క్ వైరు మాత్రం పీకకండి. మండని పెట్రోలు వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

చోటు కనుక్కోవడానికి మన లారీ మెకానిక్కుల పద్ధతే మేలు, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద, పిడి చెవికి ఆనించడం. మెకానిక్ స్టెతస్కోప్ కూడా చవకే. వాల్వ్ కవర్ బోల్టు మీద, ఆయిల్ పాన్ మీద, ఆల్టర్నేటర్ మీద వరసగా పెట్టి వినండి. మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతుంటే ముందు అది తీసేయండి, బెల్టులు తిరుగుతుంటాయి.

అసలైన రాడ్ నాక్ ఎలా ఉంటుందో మా ఆఫీసులో ఒకబ్బాయి కొన్న పాత టర్బో కారులో విన్నాను. పొద్దున స్టార్ట్ చేస్తే ఏమీ ఉండదు. హైవే మీద అరగంట పోయాక, ఎగ్జిట్ దగ్గర యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ కొద్దిగా తొక్కితే లోపల్నుంచి డొక్ డొక్ డొక్. పాదాలకి కూడా తెలిసేది. ఆయిల్ ఫిల్టర్‌ని కోసి, కాగితం మడతలు విప్పి టార్చ్ వేస్తే రాగి రంగు రజను తళతళలాడింది. అయస్కాంతం పెడితే అతుక్కోలేదు, బేరింగ్ లోహం అతుక్కోదు. అమ్మినవాడు ఆ కారుని ఐదు నిమిషాలే నడపనిచ్చాడట. దీనికి రివర్స్‌లో చేసేవాళ్ళూ ఉంటారు, చల్లగా ఉన్నప్పుడు వచ్చే శబ్దం దాచడానికి మీరు వెళ్ళేసరికే ఇంజన్ వేడి చేసి ఉంచుతారు. అందుకే కారు చూడ్డానికి వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి.

మీరు ఈ వారం ఆయిల్ మార్చి, తీసిన ఫిల్టర్‌ని పారేయకుండా కోసి చూడండి. అలాగే ఏదైనా వేరే షాపులో ప్రెషర్ స్విచ్ తీసి దాని చోట నిజమైన గేజ్ పెట్టించండి. వేడెక్కిన ఇంజన్‌లో వెయ్యి ఆర్పీఎంకి సుమారు 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చొప్పున రావాలన్నది పాత లెక్క. అంటే 3000 దగ్గర 30కి తగ్గకూడదు. తగ్గినా, మడతల్లో రజను కనిపించినా కారుని టో చేయించండి, నడపొద్దు. రెండూ బాగుండి టకటక అలాగే ఉంటే లిఫ్టర్లు మార్చుకోవచ్చు. దానికి క్యామ్‌లు తీస్తే చాలు, ఇంజన్ దించక్కర్లేదు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌ని అడిగి, 60 వేల మైళ్ళు దాటి ఉంటే అదీ అప్పుడే వేయించేయండి, ఎలాగూ విప్పాల్సిందే కాబట్టి.