ఈత రాని అమ్మానాన్నలతో బాండై బీచ్‌కి

మీ అమ్మానాన్న డిసెంబరులో సిడ్నీ వస్తున్నారు, ఇద్దరికీ ఈత రాదు, బాండైలో మోకాలి లోతు దాకా దిగితే ఫర్వాలేదా అని మీరు అడిగారు. దిగొచ్చండి, కానీ కాపలా ఉన్న చోటుని చూపించే ఎరుపు-పసుపు జెండాల మధ్యే. జెండాలు లేకపోతే పాదాలు కూడా తడపనివ్వకండి.

జనం తక్కువగా ఉన్నారని దక్షిణం వైపు చివరికి తీసుకెళ్లొద్దు. అక్కడ సముద్రంలోకి లాగే ప్రవాహం, అంటే రిప్, దాదాపు ఎప్పుడూ ఉంటుంది. స్థానికులు దాన్ని 'బ్యాక్‌ప్యాకర్స్ ఎక్స్‌ప్రెస్' అంటారు. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే: అలలు విరగకుండా, నీళ్లు ముదురు రంగులో ప్రశాంతంగా కనిపించే చోటే చాలాసార్లు రిప్ ఉంటుంది. అది మనిషిని కిందికి ముంచదు, ఒడ్డుకి దూరంగా లాక్కుపోతుంది. అందుకే ఎదురీదకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తాలి. ఈ మాట నాన్నగారికి ఇంట్లోనే చెప్పి ఉంచండి. ఒడ్డున ఉన్న మీరు వెంట దూకకండి, లైఫ్‌గార్డుని పిలవండి. ఎవరూ లేకపోతే అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయండి.

బీచ్‌లో కనిపించే ఎరుపు-పసుపు టోపీల వాళ్లు జీతం తీసుకోని వాలంటీర్లు, సీజన్‌లో వారాంతాల్లో, సెలవుల్లో కాపలా కాస్తారు. ఈ వాలంటీర్ల బాండై క్లబ్ 1907 నాటిది. 1938 ఫిబ్రవరి 6న ఇక్కడే వరస అలలకు కొట్టుకుపోయిన సుమారు 250 మందిని అలాంటి వాలంటీర్లే లాక్కొచ్చారు, అయినా ఐదుగురు చనిపోయారు. ఎక్కడ దిగాలో వాళ్లనే అడగండి, మొహమాటం వద్దు.

అమ్మగారు చీరతో దిగకపోవడమే మేలు, తడిస్తే కాళ్లకి చుట్టుకుంటుంది. దగ్గర్లోని బ్రాంటీ బీచ్‌లో రాళ్ల మధ్య కట్టిన ఉచిత సముద్రపు కొలను ఉంది, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజైతే నేను ముందు అక్కడికే తీసుకెళ్తాను.