హెలికాప్టర్‌ను ఎక్కడ విరవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పొడవైన ఇంగ్లిషు మాట వస్తే తడబడుతుంది. సిలబుల్స్‌గా విడదీసి చదవమని బడిలో, ఉపసర్గ, ధాతువు, ప్రత్యయాలుగా విడదీయమని ట్యూషన్‌లో చెబుతున్నారు. ఈ రెండూ ఒకటేనా? ఏది పాటించాలి?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: రెండూ ఒకటి కావు, అయితే రెండూ కావలసినవే. మన ‘రామాలయం’ చూడండి. పలికితే రా-మా-ల-యం, అర్థం కోసం విడదీస్తే రామ, ఆలయం. సవర్ణదీర్ఘ సంధి వల్ల ‘మా’ అనే ఒక్క అక్షరంలో రెండు పదాలూ కలిసిపోయాయి కాబట్టి, పలుకు విరిగే చోట అర్థం విరగదు.

‘హెలికాప్టర్’ కూడా అటువంటిదే. నోటికి అది హె-లి-కాప్-టర్, నాలుగు సిలబుల్స్. పుట్టుకను బట్టి మాత్రం మెలి అనే అర్థమున్న గ్రీకు ‘హెలిక్స్’, రెక్క అనే అర్థమున్న ‘ప్టెరాన్’ కలిసిన మాట. అంటే ‘కాప్’లోని పకారం పలుకులో మూడో సిలబుల్‌కు, అర్థంలో రెక్కకు చెందుతుంది. ఇంగ్లిషువారే దీన్ని ‘హెలి’, ‘కాప్టర్’ అని విరుచుకుని ‘హెలిపోర్ట్’ వంటి మాటలు కల్పించుకున్నారు.

మీ అమ్మాయి తడబాటుకు అసలు కారణం ఊనిక, అంటే మాటలో ఒక సిలబుల్‌ను నొక్కి పలకడం (స్ట్రెస్), కావచ్చు. తెలుగులో గురువైనా లఘువైనా ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం. ఇంగ్లిషులో ఒక సిలబుల్‌ను గట్టిగా నొక్కి, మిగిలిన వాటిలో చాలావాటి అచ్చులను నలిపేస్తారు. ‘ఫొటోగ్రాఫ్’లో ఊనిక మొదటి సిలబుల్ మీద ఉంటుంది, ‘ఫొటోగ్రఫీ’ అనగానే అది రెండోదాని మీదికి జరిగి, మాట ‘ఫటాగ్రఫి’ అన్నట్టు వినిపిస్తుంది, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడోదైన ‘గ్రా’ను చేరుతుంది.

ఊనికను ఇలా కదిలించేది మాట చివరి ప్రత్యయమే కనుక, ట్యూషన్‌లో చెప్పిన విభజన పలకడానికి కూడా పనికివస్తుంది. చివర ‘ఇక్’, ‘షన్’ ఉంటే ఊనిక సాధారణంగా వాటికి ముందున్న సిలబుల్ మీద, ‘ఇటీ’, ‘లజీ’, ‘గ్రఫీ’ ఉంటే చివరి నుంచి మూడోదాని మీద పడుతుంది. ‘అరబిక్’, ‘పాలిటిక్స్’ వంటివి కొన్ని ఈ సూత్రానికి లొంగవు, వాటిని విడిగా నేర్చుకోవలసిందే.

‘ఎలెక్ట్రిక్’కు ‘ఇటీ’ చేర్చి చూపించండి. ఊనిక ‘లెక్’ నుంచి ‘ట్రి’కి మారుతుంది, చివరి కకారం సకారమవుతుంది. అమ్మాయిని ముందు తోకను గుర్తించమనండి, తరువాత ఊనిక ఎక్కడో ఊహించమనండి, ఆపైన నిఘంటువు తెరిచి సరిచూసుకోమనండి. ఉచ్చారణ ఇచ్చే చాలా నిఘంటువుల్లో నొక్కవలసిన సిలబుల్‌కు ముందు, పైభాగాన, చిన్న నిలువు గీత ఉంటుంది.