జవాబు రాలేదంటే చేరలేదని కాదు

అబ్బీ,

ఆదోని యార్డులో పత్తి కాటాలకు యాప్ రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. రేకుల షెడ్డులో సిగ్నల్ నిలవదు కాబట్టి ఎంట్రీలన్నీ ఫోన్‌లోనే క్యూలో పెట్టి, టవర్ దొరికినప్పుడు సర్వర్‌కు పంపేటట్టు చేస్తున్నావంట. ఆ దారి సరైనదే. ఈ పనిలో నేనొకసారి చేతులు కాల్చుకున్నాను, అది నీకు చెప్పాల.

చానా ఏళ్ల కిందట ఒక వ్యాపారికి ఇట్లాంటిదే రాసిచ్చినాను. గుమాస్తా 12 క్వింటాళ్లని కొట్టి పంపినాడు. ఎంట్రీ సర్వర్‌కు చేరింది, డేటాబేస్‌లోనూ పడింది. చేరిందనే జవాబు వెనక్కి వచ్చేలోగా సిగ్నల్ పోయింది. ఫోన్ 30 సెకన్లు కాచుకుని, పోలేదనుకుని మళ్లీ పంపింది. రైతు ఖాతాలో 24 క్వింటాళ్లు పడినాయి, డబ్బులూ ఇచ్చేసినారు. వారం తర్వాత ఆయన్ను పిలిపించి సగం వెనక్కి అడిగితే, చేతిలో కాటా చీటీ పట్టుకుని అట్లే నిలబడిపోయినాడు. ఆయన తప్పేమీ లేదు. తప్పు నా కోడ్‌ది.

అందుకే తూకం ఎంట్రీ అయినా, దాని సవరణ అయినా, ప్రతి ఆపరేషన్‌కూ ఒక యూయూఐడీ, అంటే ఇంకెక్కడా రెండోసారి రాని గుర్తు నంబరు, ఇవ్వు. ఎప్పుడిస్తావనేదే ముఖ్యం. పంపేటప్పుడు కాదు, గుమాస్తా బటన్ నొక్కిన క్షణంలోనే ఇవ్వాల. పంపేటప్పుడు ఇస్తే ప్రతిసారీ కొత్త నంబరు పుడుతుంది, ఇచ్చీ ఫలం లేదు. ఆ నంబరు, తూకం, క్యూలో వరుస, మూడూ ఎస్‌క్యూలైట్‌లో, అంటే ఫోన్‌లోనే ఉండే చిన్న డేటాబేస్‌లో, ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయి, రాస్తే మూడూ పడాల, లేదంటే ఒక్కటీ పడకూడదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆగినా క్యూ చెదరదు. సర్వర్ వైపు ఆ నంబరు మీద యూనిక్ ఇండెక్స్ పెట్టు, అదే నంబరును రెండోసారి పడనీయదు. అదే నంబరు మళ్లీ వస్తే కొత్తగా రాయకుండా, మొదటిసారి ఇచ్చిన జవాబే తిరిగి ఇవ్వాల. ఆ జవాబు చేతికి అందినాకే క్యూలోంచి తీసెయ్, అంతకుముందు వద్దు.

వరుస విషయానికొస్తే, ఒకే చీటీకి సంబంధించినవి ఒకదాని వెనక ఒకటే పోవాల. తూకం చేరకముందే దాని సవరణ చేరితే సర్వర్‌కు అర్థం కాదు. వేరే చీటీలవి ఆగాల్సిన పని లేదు. ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు, ఎవరైనా మార్చేస్తారు. వరుస నంబరునే నమ్ము.

సర్వర్ ఇచ్చే జవాబుకు ఒక కోడ్ నంబరు ఉంటుంది. సర్వర్‌లోనే తప్పుందని చెప్పే 500తో మొదలయ్యే కోడ్‌లు వచ్చినా, జవాబు రాక టైమౌట్ అయినా మళ్లీ పంపు. 1, 2, 4, 8 సెకన్లు, ఇట్లా ఎడం పెంచుకుంటూ పో, ఎక్కడో ఒక చోట హద్దు పెట్టు. ఆ ఎడానికి కొంచెం అటూ ఇటూ ర్యాండమ్‌గా కలుపు. లేకుంటే టవర్ రాగానే షెడ్డులోని ఫోన్లన్నీ ఒక్కసారే సర్వర్ మీద పడతాయి. మరీ ఎక్కువగా పంపుతున్నావని చెప్పే 429 వస్తే, జవాబుతో పాటు వచ్చే రిట్రై ఆఫ్టర్ హెడర్‌లో చెప్పినంతసేపు ఆగు. పంపిన ఎంట్రీలోనే తప్పుందని చెప్పే 400, 422 వస్తే ఎన్నిసార్లు పంపినా అదే గతి. దాన్ని, అదే చీటీకి దాని వెనకున్న వాటినీ పక్కన పెట్టి, ఎర్రగా గుమాస్తాకు చూపించు. నోరు మూసుకుని తీసెయ్యొద్దు, అది ఒక రైతు తూకం. లాగిన్ చెల్లలేదని చెప్పే 401 అయితే ఎంట్రీలో తప్పేమీ లేదు, లాగిన్ సరిచేసి పంపు.

ఒక్క పరీక్ష మాత్రం తప్పకుండా చెయ్. సర్వర్‌లో ఎంట్రీ పడినాక, జవాబు పోకముందే సర్వర్ ప్రాసెస్‌ను చంపెయ్, తిరిగి లేపినాక ఫోన్ మళ్లీ పంపినా ఎంట్రీ ఒక్కటే ఉండాల. పదిసార్లు అట్లే చెయ్. పత్తి రావడం మొదలయ్యేలోగా ఇది అయిపోవాల. దసరాకు వచ్చేటప్పుడు ఆ ఫోన్ తీసుకురా, ఇద్దరం కూర్చుని చూస్తాం.

మీ మామ,
కర్నూలు